ఐదు వందల డెబ్బై ఎనిమిదేళ్ళ అకామా

రియాద్ నగరపు ఆగ్నేయపు అంచున సులై అనే ప్రాంతముంది. అక్కడి గోదాములను మనుషులు పేర్లతో కాక పక్కనున్న పెట్రోలు బంకుల ఆనవాళ్ళతో గుర్తు పెట్టుకుంటారు. అటువంటి ఒక గోదాము మీది గదిలో, నీటి పంపులూ పైపులూ కేబుల్ చుట్టలూ నిలవ చేసిన చోటికి సరిగ్గా పైన, నర్సింలు కుర్చీ ఉండేది. ఆ గదిలో అతనిదని చెప్పదగిన వస్తువు అదొక్కటే. బల్ల కంపెనీది, కంప్యూటరు కంపెనీది, కిటికీ అద్దం మీద పేరుకునే ఎర్రటి దుమ్ము ఎడారిది. కుర్చీని మాత్రం అతడు బత్హాలో పాతసామాన్ల దుకాణంలో కొని, టాక్సీ డిక్కీలో సగం లోపల, సగం బయట పెట్టించి తెచ్చుకున్నాడు.

ఆ కుర్చీలో కూర్చుని అతడు ఎనిమిదేళ్ళుగా జావా భాషలో ప్రోగ్రాములు రాస్తున్నాడు. కాని అతని అకామాలో, అంటే విదేశీయుడు సౌదీలో ఉండడానికీ పనిచేయడానికీ ప్రభుత్వమిచ్చే కార్డులో, వృత్తి అన్న చోట కహ్రబాయీ అని అచ్చయి ఉంది. కరెంటు పనివాడని దాని అర్థం.

అది అబద్ధమూ కాదు. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి బీఎస్సీ పట్టాతో, కరీంనగరులో ఆరు నెలలు నేర్చుకున్న జావాతో, ఏ ఉద్యోగమూ దొరకక, దొరికిన వీసా మీద అతడు వచ్చాడు. దొరికింది ఎలక్ట్రీషియను వీసా. రెండేళ్ళు నిచ్చెన మీదే గడిచాయి. ఒకనాడు ఈ గదిలో ఫ్యాను బాగుచేస్తూ, కింద గుమస్తా కంప్యూటరు ముందు తల పట్టుకుని కూర్చోవడం చూశాడు. కార్మికుల జాబితా తెరుచుకోవడం లేదు. నిచ్చెన దిగి, పది నిమిషాల్లో సరిచేసి, మళ్ళీ నిచ్చెనెక్కి ఫ్యాను బిగించాడు. ఆ నెల తిరక్కుండానే అతన్ని పైగదికి మార్చారు. మనుషుల జీవితాల్లో పెద్ద మలుపులు చాలామటుకు ఇలాగే, ఎవరూ తలెత్తి చూడని వేళ వచ్చిపోతాయి.

పని మారింది గాని కార్డు మారలేదు. చొక్కా జేబులో పెన్ను పక్కన టెస్టరు పెట్టుకునే అలవాటూ మారలేదు. ఊళ్ళో ఏడో తరగతి చదువుతున్న కూతురు ఊర్మిల, బడివాళ్ళిచ్చిన ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట ఎలక్ట్రీషియను అని రాసింది. బాపు ఆఫీసులో కంప్యూటరు పని చేస్తాడని తెలిసి కూడా ఎందుకలా రాశావని తల్లి సంధ్య అడిగితే, కార్డు నకలు జతచేయాలి గదా, రెండూ కలవాలి గదా అని ఆ పిల్ల జవాబు చెప్పిందట. ఫోనులో ఆ మాట విన్న రోజు నుంచి నర్సింలుకు ఒకటే కోరిక. కార్డు మీద వృత్తి గడిలో ముబర్మిజ్ అన్న మాట చూడాలి. అరబ్బీలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి అలా అంటారు.

కోరికకు అడ్డం పడింది రంగు. నితాఖాత్ అనే ప్రభుత్వ పద్ధతి వచ్చాక ప్రతి కంపెనీకీ, అందులో ఎందరు సౌదీలు పనిచేస్తున్నారన్న దాన్నిబట్టి, ఎరుపో పసుపో పచ్చో ఒక రంగు పడింది. నర్సింలు కంపెనీ పసుపులో చిక్కుకుంది. పసుపులో ఉన్న కంపెనీ తన మనుషుల వృత్తి మార్చలేదు. ఆపైన విదేశీ కార్మికుల మీద, వాళ్ళ కుటుంబాల మీద నెలనెలా సుంకాలు వచ్చాయి. అతనికి తెలిసిన కుటుంబాలు సోఫాలూ ఫ్రిజ్‌లూ అమ్ముకుని విమానాలెక్కాయి. పచ్చలోకి రావాలంటే సౌదీలను చేర్చుకోవాలి. సౌదీలు చేరితే పైగది కుర్చీలో కూర్చునేది ఎవరన్నది నర్సింలు తనను తాను అడుగుతూ ఉండిన ప్రశ్న.

ఈ కథకు అతని పనితో కొంచెం పరిచయం కావాలి. భవనాలను చూసుకునే ఆ కంపెనీలో మూడు ఊళ్ళలో కలిపి పదకొండు వందల మంది కార్మికులు. ప్రతి మనిషి అకామా నంబరు, వృత్తి, కార్డు గడువు తేదీ రియాద్‌లోని సర్వరులో ఉండేవి. ఆ సర్వరును రాసినవాడు నర్సింలు. జెద్దాలోని బలద్ శాఖలో ఒకటి, తూర్పున ఖతీఫ్ శాఖలో ఒకటి చిన్న ప్రోగ్రాములుండేవి. అవి క్లయింట్లు. ఫలానా మనిషి గడువెప్పుడని అవి నెట్ మీద అడిగితే సర్వరు జవాబు చెబుతుంది. జవాబును బట్టి, గడువు దగ్గర పడినవాళ్ళ పేర్లు ఆ శాఖలో తెర మీదికొస్తాయి, గుమస్తాలు కార్డులు పునరుద్ధరిస్తారు.

జెద్దా క్లయింటు రాసింది మస్తాన్ వలీ, రాయచోటివాడు, మాటకారి. ఖతీఫ్ క్లయింటు రాసింది జైనబ్, అదే ఊరి అమ్మాయి, కంప్యూటరు పట్టభద్రురాలు, కంపెనీ రంగు కోసం చేర్చుకున్న తొలి సౌదీ ఉద్యోగులలో ఒకతె. ఆడవాళ్ళ విభాగంలో కూర్చునేది. నర్సింలు ఆమెను ఎన్నడూ చూడలేదు. ఫోనులో గొంతూ, మెయిల్‌లో ఇంగ్లీషూ మాత్రమే తెలుసు.

ఏమడగవచ్చు, ఏం జవాబొస్తుంది అన్న సంగతిని నర్సింలు రెండు పేజీల కాగితంగా రాసి ఇద్దరికీ పంపాడు. ఆ కాగితం చదివి ఎవరికి అర్థమైనట్టు వాళ్ళు తమ ప్రోగ్రాములో మళ్ళీ రాసుకున్నారు. ఇందులోని ప్రమాదం బడిలో పనిచేసిన ఎవరికైనా తెలుస్తుంది. ప్రధానోపాధ్యాయుల గదిలోని కాలపట్టికను ఇద్దరు పిల్లలు రెండు తరగతులకు చేతిరాతతో ఎత్తుకుపోతారు. ఒకడు గురువారం నాలుగో పీరియడు గణితమని రాస్తాడు, మరొకడు సాంఘికమని రాస్తాడు. గురువారం వచ్చేదాకా ఇద్దరూ సరైనవాళ్ళే. గురువారం నాడు ఒక గుమ్మంలో ఇద్దరు మాస్టార్లు ఒకరినొకరు చూసుకుంటూ నిలబడతారు, ఇంకో తరగతిలో పిల్లలు బల్లల మీదెక్కి ఆడుకుంటారు.

నర్సింలుకు ఇది తెలియదనుకోకూడదు. అతని సర్వరులో ఇంటర్‌ఫేస్ అనే చక్కని పుట ఒకటుంది. జావాలో ఇంటర్‌ఫేస్ తానుగా ఏ పనీ చేయదు. మన వ్యాకరణాల్లో ధాతువుల పట్టిక ఉంటుంది చూడండి, అది తానుగా ఒక వాక్యమైనా పలకదు గాని పలికే ప్రతి వాక్యంలోని క్రియా దానికి లోబడి ఉండవలసిందే. అలాగే ఆ పుటలో గడువు చెప్పు, వృత్తి చెప్పు, జాబితా ఇవ్వు అన్న పనుల పేర్లూ, ఏమిస్తే ఏమొస్తుందన్న ఒప్పందమూ, ఏ చిరునామాలో అడగాలన్నదీ మాత్రమే ఉంటాయి. సర్వరు ఆ పుటకు లోబడి పనిచేస్తుంది. అదే పుటను క్లయింటుకూ ఇచ్చేస్తే కాగితం చదువుకుని మళ్ళీ రాసే అవసరమే ఉండదు. జావా ఆ పుటను చూసి అడిగే భాగాన్ని తానే కల్పించుకుంటుంది. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా అనుకునే వీలుండదు.

తెలిసీ అతడు ఇవ్వలేదు. కాగితంలో కొన్ని సంగతులను కావాలనే మసకగా ఉంచాడు. ఎవరికి సందేహమొచ్చినా నర్సింలుకు ఫోను చేయాలి. ఫోను మోగుతున్నంతకాలం కుర్చీ ఉంటుందని అతని లెక్క. చేరిన మొదటి వారంలోనే జైనబ్ మెయిల్ రాసింది: గడువు తేదీ ఏ పంచాంగానిది, హిజ్రీదా, ఇంగ్లీషుదా? చూస్తే తెలుస్తుందని అతడు ఒక ముక్కలో జవాబిచ్చాడు.

ఆ దేశంలో ప్రతివాడి జేబులోనూ రెండు కాలాలుంటాయి. కార్డు గడువు హిజ్రీలో నడుస్తుంది, విమానం టిక్కెట్టు ఇంగ్లీషు తేదీలో నడుస్తుంది. చంద్రుణ్ణి బట్టి నడిచే ఇస్లామీయ పంచాంగం గనుక హిజ్రీ సంవత్సరం ఇంగ్లీషుదానికంటే పదకొండు రోజులు పొట్టిది. అందుకే అక్కడ చాలా ఏళ్ళున్నవాణ్ణి నీ వయసెంతని అడిగితే ఒక క్షణం ఆలోచించి చెబుతాడు. ప్రభుత్వ జీతాలు ఇంగ్లీషు నెలలకు మారాక కంపెనీ యజమాని కూడా తన కాగితాలన్నీ అలాగే మార్చమన్నాడు. 1439 ముహర్రంలో, అంటే 2017 సెప్టెంబరు చివర, నర్సింలు సర్వరులో తేదీలను హిజ్రీ నుంచి ఇంగ్లీషుకు మార్చాడు. రెండు పేజీల కాగితాన్ని మార్చలేదు. రెండు శాఖలకూ ఫోనులో ఒక వాయిస్ మెసేజి పెట్టి ఊరుకున్నాడు. మస్తాన్ వలీ అప్పుడు రాయచోటిలో సెలవులో ఉన్నాడు. బంధువుల శుభాకాంక్షల కింద ఆ మెసేజి ఎక్కడో అడుగుకు పోయింది.

జెద్దా క్లయింటుకు తెలిసినది హిజ్రీ ఒక్కటే. 2017 అన్న సంఖ్య వస్తే అది హిజ్రీ 2017 అనుకుంది. అప్పుడు నడుస్తున్నది 1439. తీసివేత చేసింది.

బలద్ శాఖలో కార్మికులకు మూడు నెలలకొకసారి గడువు చీటీ అచ్చువేసి ఇచ్చేవాళ్ళు. ఆ దఫా అంజన్న అనే ప్లంబరుకు వచ్చిన చీటీలో, మీ అకామాకు ఇంకా ఉన్న గడువు ఐదు వందల డెబ్బై ఎనిమిది సంవత్సరాలని ఉంది. అంజన్నది నర్సింలు పక్క ఊరే, వయసులో పదేళ్ళు పెద్ద. బసలో ఆ చీటీ చేతులు మారింది. మునిమనవలకు గూడ ఇదే కార్డు సాలుతదన్నాడొకడు. అంజన్నకు మాత్రం కఫీల్ నుంచి, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని నుంచి, మోక్షం లేదని ఇంకొకడన్నాడు. అంజన్న చీటీని మడిచి పెట్టెమూతకు లోపలివైపు అంటించుకున్నాడు. కుబూస్ రొట్టె ముక్కలు నంజుకుంటూ అందరూ రెండు రోజులు నవ్వుకున్నారు. ఎవరూ పైకి ఫిర్యాదు చేయలేదు. గడువు తక్కువైతే భయపడాలి గాని ఎక్కువైతే ఎవడు భయపడతాడు?

అసలు గడువు డిసెంబరు ఐదున తీరిపోయింది. సంక్రాంతి దాటిన వారంలో అంజన్న సెలవు మీద ఊరికి వెళ్ళడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ కోసం, అంటే దేశం దాటి తిరిగి రావడానికిచ్చే అనుమతి కోసం, దరఖాస్తు చేస్తే, నీ కార్డు చచ్చి నలభై రోజులు దాటిందన్నారు. టిక్కెట్టు రద్దయింది. అతని చిన్నకూతురు పుట్టేనాటికి అతడు ఇక్కడున్నాడు. ఆ పిల్లకు రెండున్నరేళ్ళు వచ్చాయి, ఇంతవరకూ ముట్టుకుని చూడలేదు. వెతికితే జెద్దాలో అటువంటి కార్డులు ఇంకా తొమ్మిది బయటపడ్డాయి.

రియాద్ మేనేజరు అబ్దుల్ హమీద్ హైదరాబాదీ, ముప్ఫయ్యేళ్ళుగా అక్కడివాడు, గొంతు పెంచే అలవాటు లేనివాడు. నర్సింలును పిలిచి ఉర్దూలో నెమ్మదిగా సంగతి చెప్పాడు. మార్చి మధ్యలో మొదలయ్యే రజబ్ నెలలో రెండు వందల పద్నాలుగు కార్డుల గడువు ఒకేసారి తీరుతుంది. ఒకే ఏడాది ఒకే నెలలో గుంపుగా తెచ్చిన మనుషులు వాళ్ళు. వాటిలో ఒక్కటి తప్పినా కంపెనీ ఎరుపులోకి పోవచ్చు. అందువల్ల రజబ్ దాకా చూస్తాడు. అన్నీ సవ్యంగా నడిస్తే సరే. లేకపోతే బయటి నుంచి తయారు ప్రోగ్రాము కొంటాడు. అప్పుడు నర్సింలు తన కార్డులో ఉన్న పనికే వెళ్ళాలి. నిచ్చెన కింద గోదాములోనే ఉంది గదా అని, కోపంగా కాదు, ఉన్నమాట చెబుతున్నట్టే అన్నాడు.

ఆ మధ్యాహ్నం నర్సింలు సులైమానీ టీ ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. మొదట మస్తాన్ వలీ మీద కోపమొచ్చింది. తర్వాత యజమాని మీద వచ్చింది. ఆ రెండూ చల్లారుతున్న వేళకు అంజన్న ఫోను చేశాడు. తిడతాడనుకుంటూనే నర్సింలు ఫోనెత్తాడు.

“తమ్మీ, ఆ చీటీ జూసి అందరం నవ్వినం. నేను గూడ నవ్విన. నర్సింలు రాసిండంటె దానికేదో లెక్క ఉంటది, మనకేం ఎరుక అనుకున్నం.”

“తప్పు నాదే అంజన్నా.”

“తప్పు నీదో కంప్యూటర్‌దో నాకెట్ల ఎరుకైతది. పిల్లనే రోజు ఫోన్ల అడుగుతది, బాపు ఏ దినం వస్తవని. ఏం జెప్పుమంటవ్?”

“రజబ్ దాటంగనె పోతవని జెప్పు. నేను జూస్తా.”

“నువ్వు జూస్తా అంటె ఇగ సాలు,” అని అంజన్న ఫోను పెట్టేశాడు.

తిట్టి ఉంటే తేలికగా ఉండేది. నర్సింలు ఖతీఫ్ శాఖ లెక్క తీసి చూశాడు. అక్కడ ఒక్క కార్డూ తప్పలేదు. ఎందుకు తప్పలేదో వెతికితే, జైనబ్ పంపిన ప్రోగ్రాము నకలులో ఒక చిన్న మాట కనిపించింది. వచ్చిన సంవత్సరం పదిహేను వందలకు మించితే ఇంగ్లీషు తేదీ అనుకో, లేకపోతే హిజ్రీ అనుకో. పక్కనే వ్యాఖ్యగా ఇలా రాసుకుంది: అడిగాను, సరైన జవాబు రాలేదు, అందువల్ల ఈ జాగ్రత్త. తాను దాచినదాన్ని ఆ అమ్మాయి మొదటి వారంలోనే తడుముకుని దాటిపోయింది. దాచినందువల్ల దెబ్బ తగిలింది ఆమెకు కాదు, పెట్టెమూతకు చీటీ అంటించుకున్న మనిషికి.

మర్నాడు నర్సింలు ఆ పుటను సర్వరు నుంచి విడదీశాడు. ఇంటర్‌ఫేస్‌నూ, దానితోపాటు వచ్చే సమాచారపు ఆకారాలనూ వేరే చిన్న పొట్లంగా కట్టాడు. అంతవరకూ తేదీ అంటే అంకెలూ గీతలూ ఉన్న అక్షరాల వరుసే. అక్షరాల వరుసకు తాను ఏ పంచాంగానిదో తెలియదు. ఇప్పుడు దాన్ని తేదీగానే ప్రకటించాడు. జావాలో హిజ్రీ తేదీకి ఒక జాతి, ఇంగ్లీషు తేదీకి మరో జాతి ఉన్నాయి. ఒకటి కావలసిన చోట రెండోది పెడితే ప్రోగ్రాము తయారే కాదు. పొట్లాన్ని ఇద్దరికీ పంపి, పాత కాగితాన్ని చించేయండని రాశాడు. ఆ మెయిల్ పంపే మీట నొక్కడానికి ముందు అతడు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. ఇది పంపాక ఎవరూ ఫోను చేయనక్కర్లేదు.

మస్తాన్ వలీ మాత్రం వెంటనే చేశాడు.

“అంటే ఏందన్నా, నువ్వు ఆ పేజీలో ఒక మాట మారిస్తే నా ప్రోగ్రాము యాడున్నది ఆడనే నిలబడిపోతాదా? నాకొక కఫీల్ ఉండేది సాలక, నా ప్రోగ్రాముకు నువ్వు కఫీల్ అయితాండావా?”

నర్సింలుకు నవ్వాగలేదు. “నిలబడాల్నే మస్తానూ. నీ బల్ల మీద నిలబడితె మంచిదే. అంజన్న జేబుల నిలబడొద్దు.”

“అదీ నిజమేలే. అయితే ఒకటి. నన్నడక్కుండా మార్చగూడదు. నేను రాయచోటిలో నిద్రపోతాండినా సరే, లేపి అడగల్ల.”

జైనబ్ ఆలోచన ఇంకా దూరం వెళ్ళింది. మస్తాన్ అన్నది వేళాకోళం కాదనీ, ఇటువంటి ఉమ్మడి పుటలో ఉన్న అసలు చిక్కే అదనీ ఆమె రాసింది. పుట సర్వరువాడి చేతిలో ఉంటే మిగిలినవాళ్ళందరూ అతని వెనక నడవాలి. కనుక పుట ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు. దానికంటూ వేరే చోటుండాలి, ముగ్గురూ సరేననకుండా అక్షరం మారకూడదు. ఉన్న పనిని కొట్టేయకూడదు. కొత్తది కావాలంటే పాతదాని పక్కన చేర్చాలి, పాతదాన్ని అందరూ వదిలేశాకే తీసేయాలి. ఇవన్నీ నర్సింలు ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఆమె ఫోను చేసింది. గురువుగారూ అన్నట్టు ఉస్తాద్ అని పిలిచే అలవాటు ఆమెకు.

“ఉస్తాద్, మొదటి వారంలోనే నేను ఈ ప్రశ్న అడిగాను. మీరు సరిగ్గా జవాబు చెప్పలేదు. ఎందుకని?” అంది ఇంగ్లీషులో.

ఏదో ఒక సాకు చెప్పవచ్చు. అతడు చెప్పలేదు. “మీరు నా కుర్చీ కోసం వచ్చారనుకున్నాను.”

“నా కుర్చీ నాకుంది. మీ కుర్చీ దాకా రావాలంటే నాలుగు వందల కిలోమీటర్లు. ఇంకా నా చేతిలో డ్రైవింగ్ లైసెన్సు కూడా లేదు, ఆడవాళ్ళు కారు నడపడానికి అనుమతి వేసవిలో గాని మొదలవదు.” ఆమె నవ్వుతున్నదని గొంతును బట్టి తెలుస్తూనే ఉంది. “వచ్చాక చూద్దాం. ముందు రజబ్ సంగతి చూడండి.”

కొత్త పొట్లంతో ప్రోగ్రాములను తయారు చేసిన రోజున జెద్దా తెర మీద పదిహేడు ఎర్రగీతలు పడ్డాయి. పదిహేడు చోట్ల మస్తాన్ ఒకటనుకుంటే సర్వరు మరొకటి చెబుతున్నదన్నమాట. ఖతీఫ్‌లో నాలుగు పడ్డాయి. నర్సింలు అనుకోనిది ఏమిటంటే, అతని సొంత సర్వరులోనే మూడు పడ్డాయి. కాగితంలో ఇస్తానన్న మూడు సంగతులను అతడు ఎన్నడూ ఇచ్చి ఉండలేదు. ఎవరూ అడగలేదు గనుక ఇన్నేళ్ళూ బయటపడలేదు. కంపెనీ రంగు ఎరుపయితే కొంప మునుగుతుంది గాని, బల్ల మీద కనిపించే ఈ ఎరుపు మంచిదని మస్తాన్ అన్నాడు. పది రోజుల్లో ఇరవై నాలుగూ సరిచేశారు.

రజబ్ నెల మార్చి పద్ధెనిమిది ప్రాంతాన మొదలైంది. రెండు వందల పద్నాలుగు పేర్లు మూడు ఊళ్ళ తెరల మీద ఒకే వరుసలో, ఒకే తేదీలతో వచ్చాయి. మొదటి వారం డెబ్బై కార్డులయ్యాయి. రెండో వారంలో పునరుద్ధరణ దరఖాస్తులో వృత్తికి సంకేత సంఖ్య కూడా జోడించవలసి వచ్చింది. అది ఖతీఫ్‌లో ముందుగా అవసరమైంది. జైనబ్ పుటలో చేర్చాలంది, మిగతా ఇద్దరూ సరేనన్నారు. ఆమె తొందరలో, కొత్త పనిని చేర్చడంతోపాటు పాతదాని పేరును కూడా సవరించేసింది. తాను పెట్టిన నియమాన్ని తానే మరిచింది. గురువారం ఉదయం పదింటికి మస్తాన్ ప్రోగ్రాము తయారు కాకుండా ఆగిపోయింది. పదీ ఐదుకు అతడు మిగతా ఇద్దరినీ ఒకే కాల్‌లోకి లాగాడు.

“ఎవురబ్బా నా కఫీల్ ఈ పొద్దు? నువ్వా అన్నా, ఆ అమ్మినా?”

నర్సింలు దాన్ని ఇంగ్లీషులో చెబితే జైనబ్ మొదట క్షమించమంది, తర్వాత కఫీల్ అన్న మాటకు పగలబడి నవ్వింది. పాత పేరును మళ్ళీ చేర్చింది. మధ్యాహ్నపు జుహర్ నమాజుకు ఆఫీసు తలుపులు వేసేలోగా జెద్దా మళ్ళీ కదిలింది. అదే తప్పు సెప్టెంబరులో జరిగి ఉంటే దాని సంగతి తెలియడానికి ఒక మనిషి కార్డు చావవలసి ఉండేది. ఇప్పుడు తెలియడానికి ఐదు నిమిషాలు పట్టింది, దెబ్బ తిన్నవాడెవడూ లేడు.

రజబ్ ఇరవై ఆరున రెండు వందల పద్నాలుగో కార్డు పూర్తయింది. అబ్దుల్ హమీద్ పైగదికి వచ్చి, కిటికీ దగ్గర కాసేపు నిలబడి, ఏసీ శబ్దం చేస్తున్నదని చెప్పి వెళ్ళాడు. ఆయన పద్ధతిలో అది మెచ్చుకోలు. అంజన్న ఆ తర్వాతి నెల, షాబాన్ మొదటి వారంలో, ఊరికి వెళ్ళాడు. తండ్రిని చూసి పిల్ల ఏడుస్తున్న ఫొటో ఒకటి పంపాడు. కింద వాయిస్‌లో, మొదటి దినమే గట్ల, ఇప్పుడు నన్ను ఇడుస్తలేదని ఉంది. పెట్టెమూత చీటీని తీయలేదనీ, అది ఉండనీ అనీ కూడా అందులోనే చెప్పాడు.

రంగు మారడానికి మరో రెండు నెలలు పట్టింది. ఇక్కడ నర్సింలు ఊహించని సంగతి జరిగింది. గడువు లెక్కలు మూడు చోట్లా ఒకటే అయ్యాయి గనుక, ఖతీఫ్ నుంచే మొత్తం పునరుద్ధరణలు చూసుకోగలమని జైనబ్ మేనేజరును ఒప్పించింది. తన వెంట చదివిన నలుగురమ్మాయిలను తెచ్చుకుంది. ఆ నలుగురితో, ఇంకా అక్కడక్కడ చేరిన కొందరితో, కంపెనీ పచ్చలోకి వచ్చింది. ఏ చేరికలకు భయపడి నర్సింలు పుటను దాచాడో, ఆ చేరికల వల్లే వృత్తి మార్చే దారి తెరుచుకుంది. అబ్దుల్ హమీద్ ఎవరూ గుర్తు చేయకుండానే దరఖాస్తు పెట్టాడు. కార్డు వచ్చిన రోజు నర్సింలు దాన్ని ఫొటో తీసి ఇంటికి పంపాడు. ఊర్మిల ఆ అరబ్బీ మాటను కాపీపుస్తకంలో బొమ్మలాగా దించుకుని, కుడి నుంచి ఎడమకు వేలితో చూపిస్తూ తనచేత చదివించిందని సంధ్య చెప్పింది. వచ్చే ఏడు కూడా బడి ఫారం ఆ పిల్లే నింపుతుందట.

నవంబరులో పని మీద అతడు తొలిసారి ఖతీఫ్ వెళ్ళాడు. ఊరిలోకి వెళ్ళేసరికి ఖర్జూరపు తోటల మధ్య చేపల వాసన తగిలింది. శాఖ ఆఫీసులో చెక్క అడ్డు అవతల ఆడవాళ్ళ విభాగం, ఇవతల సమావేశపు గది. అడ్డు దగ్గరికి వచ్చి, నల్లటి అబాయాలో, కళ్ళద్దాలతో, అతడు ఊహించుకున్నదానికంటే పొట్టిగా ఉన్న ఒక అమ్మాయి సలాం చెప్పింది. గొంతును బట్టి గుర్తు పట్టాడు. చేతిలో కారు తాళాలున్నాయి. వాటిని ఒకసారి ఎత్తి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

గదిలో ట్యూబులైటు టపటప కొట్టుకుంటోంది. రెండు వారాలుగా అలాగే ఉందనీ, మనిషిని పంపమంటే ఇంకా పంపలేదనీ ఆమె చెబుతూనే ఉంది. మూలన నిచ్చెన ఆనించి ఉంది. నర్సింలు చెయ్యి తనంతట తానే చొక్కా జేబులోని టెస్టరు మీదికి వెళ్ళింది.

“ఉస్తాద్, వద్దు. ఆ పనికి ఇప్పుడు మీ అకామా ఒప్పుకోదు.”

ఆమె మాట పూర్తయ్యేసరికి అతడు మూడో మెట్టు మీదున్నాడు. దిగలేదు. స్విచ్చి ఆపమని మాత్రం అడిగాడు. ఆమె ఆపి, ఆపానని చెప్పింది.